జానెడు కరువు

నిన్న మధ్యాహ్నం ప్రయోగశాలలో ఓవెన్ తలుపు తీశాను. గిన్నెల్లో ఆరబెట్టిన బురద వాసన గుప్పున ముఖానికి కొట్టింది. కాస్త ఉప్పు, కాస్త కుళ్ళిన ఆకు, కాస్త అగ్గిపుల్ల గీసినప్పటి వాసన. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి అవతల, ఓడ మీంచి గొట్టం దింపి తీసిన మట్టి అది. నా దగ్గర పనిచేసే పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం తలుపు వెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. మచిలీపట్నంలో కాలేజీ మేడ మీద, పెచ్చులూడిన గోడల గదిలో, కొళాయి కింద జల్లెడ పట్టుకుని ఉన్నట్టూ, వెనక నుంచి భ్రమరాంబ మేడం "నెమ్మదిగా నాంచారీ, నెమ్మదిగా. వాళ్ళకి దెబ్బ తగుల్తుంది" అంటున్నట్టూ అనిపించింది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడ్ని మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే నేనిదంతా రాయక్కర్లేకపోయేది.

దెబ్బ తగిలే ఆ 'వాళ్ళు' ఎవరో ముందు చెప్పాలి. సముద్రంలో కంటికి ఆనని జీవులుంటాయి. ఇసక రేణువు కన్నా చిన్నవి. ఒంటి చుట్టూ సున్నపు గుల్ల కట్టుకుని బతుకుతాయి. చచ్చాక ఆ గుల్లలు నీటి అడుగుకు దిగి, బురదలో పొర మీద పొరగా వేల ఏళ్ళు ఉండిపోతాయి. పుస్తకాల్లో వీటికి ఫోరామినిఫెరా అని నోరు తిరగని పేరు. మేడం మాత్రం నలుసులు అనేది. ఒక్కో నలుసుకు ఒక్కో రకం నీళ్ళు ఇష్టం. కొన్నింటికి కటిక ఉప్పునీళ్ళు కావాలి, కొన్ని ఏటి నీళ్ళు కలిసిన చప్పటి నీళ్ళల్లోనే బతుకుతాయి, కొన్నింటికి చలినీళ్ళు, కొన్నింటికి వెచ్చటివి. అందుకని ఏ పొరలో ఏ నలుసులున్నాయో చూస్తే ఆనాటి సముద్రం ఎలా ఉందో, ఎంత వేడిగా ఉందో, ఏటికి ఎంత వరద వచ్చిందో, అంటే వానలు పడ్డాయో లేదో తెలుస్తుంది. నా ఉద్యోగం ఇదే. ఇది ఉద్యోగం కాగలదని కూడా తెలియని రోజుల్లో ఆవిడ నాకిది నేర్పింది.

మాది కోడూరు. అమ్మ సముద్రపొడ్డున పాలకాయతిప్ప నుంచి వచ్చే చేపలు కొని ఎండబెట్టి అమ్మేది. నేను డిగ్రీకి మచిలీపట్నం వెళ్ళినప్పుడు నాకు రెండు సిగ్గులు ఉండేవి. ఒకటి నా బట్టలకు ఎండుచేపల వాసన వస్తుందేమోనని. రెండోది నా పేరు. క్లాసులో అందరూ స్వాతులు, ప్రియాంకలు. మధ్యలో నాంచారమ్మ! మొదటిరోజు హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. భూగర్భశాస్త్రం చెప్పే భ్రమరాంబ మేడం హాజరు పట్టీ మూసేసి, కళ్ళజోడు తుడుచుకుని, నవ్విన పిల్లని లేపి, "నా పేరు ఇంకా పాతకాలంది. దానికీ నవ్వు, ఆ తరవాత కూర్చుందువుగాని" అంది. పొడుగ్గా, ఎముకలగూడులా ఉండేది మనిషి. బుగ్గన ఎప్పుడూ ఓ లవంగం. కాలేజీలో మిగతా లెక్చరర్లు ఆవిడ్ని చాటుగా బురదమ్మ అనేవాళ్ళు. ఆవిడకి తెలుసు. తెలిసీ ఓసారి స్టాఫ్‌రూమ్‌లో అందరికీ వినబడేట్టు, "బురదమ్మకి కుర్చీ ఏది?" అని అడిగిందట. అప్పట్నించీ చాటుగా కూడా అనడం మానేశారు.

ఆవిడ ఇల్లు గుడివాడ. రోజూ రైల్లో బందరు వచ్చిపోయేది. ఓ శనివారం జల్లెడ పట్టిన మట్టి మోయడానికి తోడు రమ్మంటే వెళ్ళాను. అదే నేను ఆవిడతో చేసిన మొదటి ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని, అట్టపెట్టెలో గాజు పలకలు ఒళ్ళో పెట్టుకుని, బయట కోతకొచ్చిన చేలు చూస్తూ ఆవిడ ఉన్నట్టుండి, "ఇప్పుడు మనం నీళ్ళల్లోంచి వెళ్తున్నాం" అంది. నాకర్థం కాలేదు. కొన్ని వేల ఏళ్ళ కిందట సముద్రం ఈ చేల మీదే ఉండేదనీ, కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రుతో నేల ఒక్కో అడుగే ముందుకు జరిగి దాన్ని పాలకాయతిప్ప దాకా నెట్టిందనీ చెప్పింది. అలలు ఏ స్టేషన్ దగ్గర విరిగేవో, ఎక్కడ మడ చెట్లు ఉండేవో, ఎక్కడ నలుసులు ముసురులా రాలేవో చెబుతూ పోయింది. గొంతు పెంచేది కాదు. తనలో తను మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. రైలు ఊగుతోంది, ఎండ ఏటవాలుగా పడుతోంది, నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. పైన ఎంతో ఎత్తున నీటి మట్టం మెరుస్తున్నట్టూ, దాని అడుగున మా రైలు నిమ్మళంగా పోతున్నట్టూ అనిపించింది. గుడివాడ వచ్చిందని ఆవిడ భుజం తడితేగానీ నేను ఒడ్డున పడలేదు. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే కిటికీలోంచి ముందు నీళ్ళే కనిపిస్తాయి నాకు. చేలు ఆ తరవాత.

వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద, వెలుతురు పడే కిటికీ దగ్గర మైక్రోస్కోపు ఉండేది. బల్లకి ఆ మూల ఆవిడ భర్త కూర్చుని పేపరు చదువుకుంటూ పులుసన్నం తినేవారు. ఆయన బ్యాంకులో పనిచేసేవారు, మాట తక్కువ మనిషి, మట్టి గిన్నెలూ కూర గిన్నెలూ కలిసిపోకుండా చూడటం ఆయన పని. మేడం నల్లటి పళ్ళెంలో చిటికెడు పొడి చల్లి నన్ను చూడమంది. చూశాను. నత్తల్లా చుట్టుకున్నవి, జంతికల్లాంటివి, పాలగాజు ముక్కల్లాంటివి, ఒకదానికొకటి అంటుకున్న బుడగల్లాంటివి. ఇన్నేళ్ళు నేను కాళ్ళకి అంటుకుంటే కడిగేసుకున్న బురదలో ఇవున్నాయా అనుకుంటే ఏడుపొచ్చింది. ఎందుకో చెప్పలేను. ఆవిడ నా చేతికి సున్నా నంబరు బ్రష్షు ఇచ్చి, తడిమొనతో ఒక్కో నలుసునీ ఎత్తి పలక మీద గడిలో పెట్టడం నేర్పింది. ఊపిరి బిగబట్టి చెయ్యాలి. గట్టిగా నిట్టూరిస్తే వేల ఏళ్ళు ఎగిరిపోతాయి. ఆవిడకి ఎడమకన్ను అప్పటికే మసకబారింది. కుడికన్నూ అదే దారిలో ఉందని డాక్టరు చెప్పేశాడు. అందుకే నా కళ్ళు కావాల్సొచ్చాయి. ఆ సంగతి దాచలేదు. "నీ తెలివి కోసం కాదు, కళ్ళ కోసం పిలిచాను. తెలివి ఉంటే అది కొసరు" అనేది.

ఆవిడకి ఉన్నది ఒక్కటే కోరిక. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పింది. పెళ్ళీ, బదిలీలూ, అత్తగారి జబ్బూ వీటితో డాక్టరేటు సగంలో ఆగిపోయింది. రిటైరయ్యేలోపు, కళ్ళు పూర్తిగా పోయేలోపు, మా కోడూరు ఉన్న దివిసీమ మట్టిలోంచి ఒక్క నిజం తను స్వయంగా తీసి చెప్పాలి. పెద్ద పెద్ద ఓడలు వేసుకుని సముద్రం అడుగు తవ్వేవాళ్ళు చెప్పనిది, ఈ నేల మాత్రమే చెప్పగలిగింది ఒక్కటి. పాతకాలంలో ఇక్కడ వానలు ఎప్పుడు తప్పాయి, ఎప్పుడు పడ్డాయి అన్నది ఆవిడ వెతికేది. ఏటికి వరద బాగుంటే తీరం నీళ్ళు చప్పబడి ఉప్పు నలుసులు వెనక్కి పోతాయి. వానలు తప్పితే ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్ని వాటిని లోపలికి తెస్తుంది. బురద పొరల్లో ఇది రాసిపెట్టి ఉంటుంది. చదివేవాళ్ళు ఉండాలంతే.

గొట్టం దింపేముందు ఆవిడ తప్పకుండా చేసే పని ఒకటుండేది. ఆ నేల గురించి ఊళ్ళో ముగ్గుర్ని అడిగేది. ఒకరు దాన్ని దున్నినవాళ్ళు, ఒకరు దాని మీద గొడ్లు తోలినవాళ్ళు, ఒకరు ఆ పక్క నీళ్ళల్లో వల వేసినవాళ్ళు. "ఇది కదలని నేలేనా?" అన్నదే ప్రశ్న. ఎవరైనా తవ్వారా, ఎక్కడి మట్టైనా తెచ్చి పోశారా అని. ముగ్గురూ అవునంటేనే గొట్టం. ముగ్గురి పేర్లూ నోటుబుక్కు మొదటి పేజీలో సాక్షులు అని రాసేది. ఒకచోట గొడ్లు కాసే ముసలాయన తల అడ్డంగా ఊపాడని, సమ్మెటలు మోసుకుని రెండు మైళ్ళు వెనక్కి నడిపించింది మమ్మల్ని. నేను దారిపొడుగునా సణిగాను. ఆవిడ విననట్టే నడిచింది.

ఆ ఏడు ఎండాకాలం మా కోడూరు వైపే తియ్యాలని నిర్ణయించింది. నా ఆనందం చెప్పలేను. మా మేనమామది పొలంగట్టు పక్కన ఇల్లు కడదామనుకుని కట్టని జాగా ఒకటుంది. లారీ అక్కడిదాకా వస్తుంది, మావయ్య మనుషుల్ని ఇస్తాడు, అత్తయ్య రొయ్యల వేపుడు చేస్తుంది. నేనే చెప్పి నేనే తీసుకెళ్ళాను. ఇంట్లో అందరి ముందూ మా మేడం అని చూపించుకోవాలని ఒకటే ఉబలాటం. సరుగుడు కర్రలు మూడు నైలాన్ తాడుతో కట్టి, చైను కట్టి, ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టారు. అప్పటికే ఎండ నడినెత్తిన ఉంది. మేడం నోటుబుక్కు తీసి చుట్టూ చూసింది. అందరూ సమ్మెటలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నా వైపు తిరిగి, "నాంచారీ, నువ్వు ఈ ఊరిదానివేగా. ఇది కదలని నేలేనా?" అని అడిగింది.

"అవునండీ. కదలని నేలే" అన్నాను.

నాకు తెలుసా? తెలియదు. ఇంటరు రెండేళ్ళూ నేను గుడివాడ హాస్టల్లో ఉన్నాను. ఆ రెండేళ్ళలో ఆ జాగాలో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియదని తోచను కూడా లేదు. మా ఊరు, మా మావయ్య, మా నేల. నాకు తెలియకపోవడమేమిటి అన్న పొగరు. ఆవిడ ఇంకెవర్నీ అడగలేదు. సాక్షులు అన్నచోట నా ఒక్కదాని పేరే రాసుకుంది. పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా. నాకు ఒళ్ళంతా పులకరించింది.

ఆ గొట్టాన్ని నిలువునా కోసి, అంగుళం అంగుళం మట్టి తీసి కడిగి ఏరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది నా జీవితంలో ఎంత నిశ్శబ్దంగా గడిచిందో. పైన నడుములోతు దాకా తియ్యనీటి మట్టి, నలుసులు పలచన. అడుగున ఏరూ సముద్రమూ కలిసే చోటి నలుసులు. ఈ రెండిటి మధ్య జానెడు మందాన నల్లటి పొర. దాంట్లో ఉప్పు నలుసులు కుప్పలు తెప్పలు. అవి తప్ప ఇంకో రకం లేదు. గుల్లల వయసు కట్టడానికి బయటి ప్రయోగశాల వాళ్ళు మా దగ్గర ఒక్క నమూనాయే తీసుకుంటామన్నారు. ఆ నల్లపొరలోదే పంపాం. వేల ఏళ్ళని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మేడం కుర్చీలో కూర్చుండిపోయింది. కొన్ని తరాల పాటు వానలు తప్పాయి, కృష్ణ సన్నబడింది, ఉప్పు ఇంతలోపలికి వచ్చింది. జానెడు కరువు. ఇన్నేళ్ళు ఆవిడ వెతికింది దొరికింది. "పాపం, అప్పటివాళ్ళు ఎట్టా బతికారో" అంది. అంత గొప్ప వార్త చేతిలో ఉండి, ఆవిడ ముందుగా అన్నమాట అది.

విశాఖపట్నంలో పెద్ద సదస్సు. ఆవిడ వ్యాసం తీసుకున్నారు. వేదిక మీద చదవడానికి పావుగంట ఇచ్చారు. రచయితల్లో రెండో పేరు నాది. అది ఉంటే నాకు పీజీలోనూ ఆ తరవాతా తిరుగుండదని ఆవిడే చెప్పింది. ఆవిడకి ఆ ఏడే రిటైర్మెంటు. పెడన వెళ్ళి కలంకారీ చీర కొనుక్కుంది. కట్టుకుంటే బావుంటుందా అని చిన్నపిల్లలా నన్నడిగింది.

సదస్సు ఇంకో పదిరోజులుందనగా నేను ఇంటికి వెళ్ళాను. మా అత్తయ్య పెరట్లో చేపలు తోముతూ ఊళ్ళో కబుర్లు చెబుతోంది. మాటల్లో ఆ జాగాలో వేసిన కొబ్బరి మొక్కలు మాడిపోతున్నాయని విసుక్కుంది. ఆకుల చివర్లు కాలినట్టు అవుతున్నాయంది. ఎందుకని అని నేను యథాలాపంగా అడిగాను.

"ఉప్పు ఎక్కడికి పోద్దమ్మా? పక్కాళ్ళు రొయ్యల చెరువు ఇంకా లోతుకు తవ్వించినప్పుడు ప్రొక్లెయినుతో అడుగునుంచి తీసిన నల్లబురదంతా మన పల్లంలోనేగా తోలించింది మీ మావయ్య. ఊరికే వస్తందని. దానిమీద కాలవ పూడిక మట్టి పోయించి మెరక చేశాడు" అంది.

పైన కాలవ మట్టి, మధ్యలో ఏయే లోతులనుంచో కలగలిపి తోడిపోసిన, దేని వయసూ తేలని పాతబురద, అడుగున అసలు నేల. అంతే. కరువు లేదు, ఏమీ లేదు. ఆ జానెడు పొర మా మావయ్య ట్రాక్టరు మీద వచ్చింది. ఎప్పుడు తోలారని అడిగితే, నువ్వు గుడివాడలో చదువుకునేటప్పుడే అంది అత్తయ్య, ఇంకో చేపనెత్తుకుంటూ.

మూడురోజులు ఇదే ఆలోచన. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మా అత్తయ్యకి నలుసుల సంగతి తెలియదు, సదస్సులో పెద్దలకి మా అత్తయ్య తెలియదు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. చెప్తే ఆవిడ ముప్ఫై ఏళ్ళ కోరిక నా నోటితో నేనే తుడిచెయ్యాలి. ఇంకో గొట్టం తియ్యడానికి ఆవిడకి సర్వీసూ లేదు, కళ్ళూ లేవు. నా పేరూ పోతుంది, అది వేరే. అబద్ధమెందుకు, ఆ వేరేది కూడా చాలాసార్లు లెక్కలోకి వచ్చింది. ఒకరోజు గుడివాడలో దిగి, వాళ్ళ వీధి మలుపుదాకా వెళ్ళి, ముఖం చెల్లక తిరిగి రైలెక్కేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ కిటికీ ముందు నిలబడి, గోడ గడియారం చూసుకుంటూ ఉపన్యాసం అప్పజెప్పుకుంటోంది. భర్త శ్రోత. నన్ను చూసి, పదమూడు నిమిషాలకి వచ్చింది, ఇంకో రెండు నిమిషాలు ఏం చెప్పనే అని సంబరంగా అడిగింది. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. అత్తయ్య మాట, చెరువు, బురద, నేను తెలియకుండానే అవునన్న సంగతి. చెబుతూ ఏడ్చాను.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. బల్ల దగ్గరికెళ్ళి ఆ పొర పలకలున్న పెట్టె తీసి, ఒక్కొక్కటీ మైక్రోస్కోపు కింద పెట్టి కుడికన్నుతో చూస్తూ కూర్చుంది. గంటపైనే అయింది. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. చివరికి ఒక పలక పెట్టి నన్ను చూడమంది. నలుసుల పక్కన, ఏరి పడేసిన చెత్త ఉంచే గడిలో, వెంట్రుకంత నీలం పోగు ఉంది. నైలాన్. రొయ్యల చెరువులో వాడే వల పోగు.

"ఇది నేనే ఏరాను" అంది. "మన తాడుదనుకున్నాను. అనుకోవాలనిపించింది, అనుకున్నాను. నువ్వు తెలియక అన్నావు నాంచారీ. నేను చూసి కూడా చూడలేదు."

తరవాత పలకలన్నీ పెట్టెలో సర్ది మూత పెట్టింది. నేనింక సెలవు తీసుకుందామని లేచాను. కూర్చోమంది. పావుగంట మనకి ఇచ్చారుగా, దాన్ని వదులుకోవడమెందుకు అంది. అప్పుడు నాకర్థం కాలేదు.

విశాఖలో ఆవిడ కలంకారీ చీరే కట్టుకుంది. వేదిక ఎక్కి, మేము పంపిన వ్యాసంలోని కరువు అబద్ధం అని మొదటి మాటే చెప్పింది. తోడిపోసిన చెరువు బురద పాతకాలపు కరువులా ఎలా కనిపిస్తుందో, ఎలా మోసపోతామో, ఏం గుర్తులు చూసుకోవాలో బొమ్మలతో వివరించింది. డెల్టాలో సగం నేల ఇప్పుడు కదిలిన నేలేనంది. ఊరివాళ్ళని ముగ్గుర్ని అడగమంది. ఒక్కర్ని అడగడం తన తప్పంది. ఆ ఒక్కరు ఎవరో చెప్పలేదు. చివర్లో ఈ తప్పు పట్టుకున్నది నా విద్యార్థిని అని వెనక వరసలో ఉన్న నన్ను లేపి నిలబెట్టింది. చప్పట్లు పలచగా పడ్డాయి. ప్రశ్నలు రాలేదు. కాఫీల దగ్గర ఒకాయన, పాపం మట్టి మోసిందంతా వృథా అని నవ్వుతూ అనడం విన్నాను. ఆయన మీద కప్పు విసరాలన్నంత కోపం వచ్చింది నాకు. మేడం మాత్రం బిస్కట్ కాఫీలో ముంచుకుని తింటోంది. సదస్సు సంచికలో ఆ దిద్దుబాటు ఒక పేజీ అచ్చయింది. అందులో నా పేరు మొదట, ఆవిడది తరవాత. అచ్చులో నా పేరు మొట్టమొదట కనిపించింది మేం ఏమీ కనుక్కోలేదని చెప్పే కాగితం మీదే.

ఆ వేసవిలో ఆవిడ రిటైరయింది. ఆ తరవాత రెండేళ్ళకి, నేను పీజీలో ఉండగా, మా యూనివర్సిటీ వాళ్ళతో కలిసి మళ్ళీ కోడూరు వెళ్ళాను. ఈసారి మావయ్య జాగాకి చాలా దూరంగా, మడ అడవి అంచున. ముగ్గుర్ని కాదు, కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాను. మావాళ్ళు విసుక్కున్నారు. గొట్టం తీశాం. వయసులు కూడా ఒకటి కాదు, చాలా పొరలకి కట్టించాం. నలుసులు ఏరడానికి ఎవర్నీ రానివ్వలేదు, అన్నీ నేనే ఏరాను. మేడం కరువు అనుకున్న కాలం దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు కింద పెట్టేశాను. నిజం చెబుతున్నాను, అక్కడ కరువు ఉండాలని మొక్కుకున్నాను. ఒక్క వేలెడు ఉప్పుపొర చాలు, దాన్ని పట్టుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెడదామని. ఆవిడ అబద్ధం చెప్పలేదు, చోటు మాత్రమే తప్పింది అని లోకానికి చూపిద్దామని.

లేదు. ఎంత చూసినా లేదు. చప్పటి నీళ్ళ నలుసులే, పొర వెనక పొర, ఒకేలా, ఏ విశేషమూ లేకుండా.

గుడివాడ వెళ్ళాను. ఆవిడకి అప్పటికి వెలుగు చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, వేళ్ళతో తడుముకుంటూ. నా అడుగుల చప్పుడుకే నేనని పట్టేసింది. ఏమొచ్చిందని అడిగింది. నాకు చెప్పబుద్ధి కాలేదు. ఆవిడకి కళ్ళు లేవు, ఎవరూ చెప్పరు, ఒక్క చిన్న మాట అనేస్తే ఏం పోయిందని కూడా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"ఏమీ లేదండీ" అన్నాను. "మామూలు మట్టే. కరువు లేదు."

"సరిగ్గా చూశావా?"

"ప్రతి అంగుళమూ చూశానండీ."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. నేను ఆవిడ ముఖం చూడలేక నేలవైపు చూస్తున్నాను. అంతలో ఆవిడ నవ్వడం వినిపించింది. ఏడుపుని కప్పే నవ్వు కాదది, నాకు బాగా తెలుసు. చేట పక్కన పెట్టి నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"అయితే అప్పటివాళ్ళకి వానలు పడ్డాయన్నమాట" అంది. "పోన్లే నాంచారీ. బతికారు."

నా దగ్గర పనిచేసే పిల్లలు నెలలతరబడి ఏరి, విశేషం ఏమీ దొరక్క ముఖాలు వేలాడేసుకుని వస్తారు. ఏమీ లేదు మేడం, మామూలు మట్టే అంటారు. కూర్చోమని కాఫీ ఇస్తాను. ఏమీ లేదు అనకండి, వానలు పడ్డాయి అని రాయండి అంటాను.